ముందే వచ్చే దుఃఖం

పండుగ సంచికలో జబ్బుల మాటేమిటని అనుకోకండి. వరలక్ష్మీ వ్రతం దగ్గర పడుతోంది కనుకనే ఈ నాలుగు ముక్కలు.

ఇక్కడ జుబైల్‌లో ఉండే ఒక సోదరికి మూత్రపిండాల వ్యాధి. ఆవిడ అనుమతితోనే రాస్తున్నాను. పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కవిటి, సోంపేట, పలాస ప్రాంతాల్లో ఈ జబ్బు ఇంతగా ఎందుకు వస్తోందో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. ఆవిడ తల్లి డయాలసిస్ మీదే ఉండి కన్నుమూసింది. ఈవిడకు ఇంకా ఆ అవసరం రాలేదు. అయినా ఏడేళ్ళ కూతురికి జడ వేయడం మానేసింది. "నేను లేకుండా దానికి అలవాటు కావాలి కదండీ డాక్టరు గారూ" అంది.

రాబోయే ఎడబాటుకు ముందుగానే దుఃఖించడం గురించి ఎరిక్ లిండెమన్ అనే మానసిక వైద్యుడు 1944లో అమెరికాలో రాశాడు. యుద్ధానికి వెళ్ళిన భర్త ఇక రాడేమోనని ఒకామె ముందే దుఃఖించి, మనసులో అతన్ని వదిలేసుకుంది. అతను ప్రాణాలతో తిరిగొస్తే విడాకులడిగింది. పరాయి దేశంలో మెడిసిన్ చదివేటప్పుడు ఇది పరీక్షకోసం బట్టీపట్టాను. అర్థమయింది మాత్రం ఈ జడ సంగతి విన్నాకే.

మన సావిత్రి కథ చూడండి. సత్యవంతుడికి ఏడాదే ఆయుష్షని నారదుడు చెప్పాడు. రోజులు లెక్కపెట్టుకుంటూనే కాపురం చేసింది. ఆఖరి రోజున అడవికీ వెంట వెళ్ళింది. ముందే తెలిసిందని దూరం జరగలేదు. అయితే అంత బాధనూ ఎవరికీ చెప్పకుండా మోసింది. ఆ ఒక్కటీ మనం అనుసరించనక్కర్లేదు.

జబ్బు మనిషితో "మమకారం తగ్గించుకోమ్మా, భగవంతుణ్ణి పట్టుకో" అనే పెద్దలున్నారు. నాకీ మాట నచ్చదు. తన కన్నీళ్ళు భక్తి లోపమేమోనని ఆవిడ మరింత కుమిలిపోతుంది. అక్కచెల్లెళ్ళు సముద్రం అవతల. పేరంటంలో ఎవరడిగినా "బాగానే ఉన్నానండీ" అంటుంది. దయచేసి రెండోసారి అడగండి.

ఇక ఉపవాసం. సావిత్రి మూడు రాత్రులు ఉందని మీరు ఉండకండి, ఆవిడ ఆరోగ్యవంతురాలు. కిడ్నీ జబ్బు ముదిరినవారికి కొబ్బరినీళ్ళు, అరటిపండు, ఖర్జూరం ప్రసాదమైనా ప్రమాదమే. వాటిలోని పొటాషియం ఒంట్లో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. తీర్థం ఒక చెంచా చాలు. మందులు మానవద్దు, మీ డాక్టరును అడిగే వ్రతం పట్టండి.

ఆ సోదరికి నేను వేరే మందేమీ రాయలేదు. "భర్తకు భయం చెప్పమ్మా, పాపకు జడ వెయ్యి" అన్నాను. మొన్న ఇద్దరూ వచ్చారు. పాపకు రెండు జడలు, పాపిడి మాత్రం వంకర.

"ఏడుస్తూ వేశానండీ, సరిగ్గా కనపడలేదు" అంది.