కన్నీరింకిన కన్నులు

కన్నీరు అనగానే మనకు దుఃఖము తలపునకు వచ్చును. కాని మనుజుడు నవ్వుచున్నపుడును, పని చేయుచున్నపుడును వాని కంట నీరు ఊరుచునే యుండును. పైరెప్ప వెనుక, కంటి వెలుపలి కొన వైపున, బాదముగింజంత అశ్రుగ్రంథి ప్రతి కంటికిని కలదు. దానినుండి స్రవించు నీటిని రెప్పలు ఆర్పినప్పుడెల్ల కంటిమీద పలుచని పొరగా పరచుచుండును. నల్లగ్రుడ్డు మీద అద్దమువలె నుండు శుక్లపటలమునందు రక్తనాళములు లేవు. అందుచేత అది తనకు వలసిన ప్రాణవాయువును ముఖ్యముగా ఈ నీటిపొర ద్వారమున గాలినుండియే గ్రహించును. కన్నీటియందు సూక్ష్మజీవులను చంపు పదార్థమొకటి కలదని అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1922లో ప్రకటించెను. తరువాత పెనిసిలిన్‌ను కనుగొన్నవాడీతడే. ఇట్టి నీరు ఇంకిపోయినచో కన్ను ఇసుక పడినట్లు గరగరలాడును, మండును, వెలుతురును సహింపజాలదు. ఏడువబోయినను నీరు రాదు.

స్వీడన్ దేశమునందలి స్టాక్‌హోమ్ నగరమున హెన్రిక్ షోగ్రెన్ అను యువకుడు నేత్రవైద్యము చేయుచుండెను. అతడు 1899లో జన్మించెను. 1930 ప్రాంతమున అతని యొద్దకొక స్త్రీ వచ్చెను. ఆమె కన్నులు ఎండిపోయియుండెను. నోరును ఎండిపోయియుండెను. అంతేకాక కీళ్లు వాచి బాధించుచుండెను. కన్నుల కొక వైద్యుడు, పండ్లకొక వైద్యుడు, కీళ్లకు వేరొక వైద్యుడు ఉన్నచోట ఈ మూడు బాధలను ఒక్కచో చేర్చి చూచువారు అరుదు. ఫ్రాన్సునందు గూజెరో అను వైద్యుడు ఇట్టి పొడితనమును గూర్చి 1925లోనే వ్రాసియుండెను గాని, ఆ వ్రాత పెక్కుమంది దృష్టికి రాలేదు.

షోగ్రెన్ ఆమెకు కంటిమందిచ్చి పంపివేసి ఊరకుండలేదు. అట్టి రోగుల కొరకు వెదకెను. 19 మంది స్త్రీలు లభించిరి. వారిలో 13 మందికి కీళ్లవాతము కలదు. అతడు వారి కంటియందు రోజ్ బెంగాల్ అను ఎర్రని రంగు చుక్క వేసి చూచెను. ఆరోగ్యము గల కంటిని ఆ రంగు అంతగా అంటదు. ఎండి దెబ్బతిన్నచోట మాత్రము పట్టుకొనును. కన్నీటిని కొలుచుటకు ఓటో షిర్మెర్ 1903లో చెప్పిన ఉపాయము మరింత సులభము. సన్నని వడపోత కాగితపు ముక్కను క్రిందిరెప్పకు తగిలించి ఐదు నిమిషములు వేచియుందురు. తడి 5 మిల్లీమీటర్లయినను ప్రాకనిచో కన్నీరు చాలదని యర్థము. ఇంత చౌకయైన పరీక్ష వైద్యశాస్త్రమున మరియొకటి యుండుట కష్టము.

షోగ్రెన్ అంతటితో తృప్తి చెందలేదు. అశ్రుగ్రంథి ముక్కలను సూక్ష్మదర్శినితో పరిశీలించెను. నీరూరవలసిన కణముల నడుమ గుండ్రని చిన్నకణములు గుంపులు గుంపులుగా చేరియుండెను. అవి లింఫోసైట్లు, తెల్లరక్తకణములలో ఒక జాతి. రోగక్రిములు చొరబడినపుడు దేహమును కాపాడు సైనికులవి. శత్రువే లేని ఈ గ్రంథిలో వానికేమి పని?

ఈ విషయములన్నిటిని అతడు జర్మను భాషలో గ్రంథముగా వ్రాసి 1933లో కరోలిన్స్కా సంస్థకు సమర్పించెను. పరీక్షకులకు అది అంతగా నచ్చలేదు. పట్టము లభించెను గాని, విశ్వవిద్యాలయమున బోధకుడగుటకు వలసిన శ్రేణి లభింపలేదు. అతడు యోన్‌షోపింగ్ అను పట్టణమునకు పోయి అచ్చటి వైద్యశాలలో కన్నులకు చికిత్స చేయుచు, తన పరిశోధనను విడువక సాగించెను. పదియేండ్లు గడచినవి. 1943లో ఆస్ట్రేలియా నేత్రవైద్యుడు బ్రూస్ హామిల్టన్ ఆ గ్రంథమును ఆంగ్లమునకు మార్చెను. అప్పుడు గాని దాని విలువ లోకమునకు తెలియలేదు. వ్యాధికి షోగ్రెన్ పేరే స్థిరపడెను. స్వీడన్ ప్రభుత్వము 1961లో అతనికి ఆచార్య బిరుదము నొసగెను. అప్పటికతనికి అరువది రెండేండ్లు.

ఆ గుండ్రని కణముల చిక్కు విడుటకును కాలము పట్టెను. దేహము తన్ను తాను హింసించుకొనదని జర్మనీ శాస్త్రజ్ఞుడు పాల్ ఎర్లిక్ ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో చెప్పియుండెను. ఆ మాట చాలకాలము చెల్లినది. 1956లో లండనునందు ఐవన్ రోయిట్, డెబోరా డోనియాక్ మున్నగువారు థైరాయిడ్ గ్రంథి వాచిన రోగుల రక్తమున, ఆ గ్రంథికే విరోధమైన పదార్థములను కనుగొనిరి. కంచెయే చేను మేయుట దేహమందును కలదని తేలెను. షోగ్రెన్ చూచిన గుంపులకును అదే కారణము. లింఫోసైట్లు అశ్రుగ్రంథులను, లాలాజల గ్రంథులను పరాయివిగా నెంచి పాడుచేయుచున్నవి. ఎండిన కంటిపొర వాచి మరికొన్ని లింఫోసైట్లను రప్పించును. అవి వచ్చిన కొలది పొర ఇంకను చెడును.

ఈ వలయమును త్రెంచుటకే సైక్లోస్పోరిన్ అను మందును కంటిచుక్కలుగా వాడుటకు 2002లో అమెరికా ప్రభుత్వ సంస్థ అనుమతి నిచ్చెను. మార్పిడి చేసిన మూత్రపిండమును దేహము త్రోసివేయకుండుటకు అంతకు ముందునుండియే వాడుచున్న మందది. లింఫోసైట్ల ఉద్రేకము నణచును. వ్యాధి మాత్రము దీనితో సమూలముగా పోదు. రోగులలో పదింట తొమ్మిదిమంది స్త్రీలే. వారిలో పెక్కుమంది కృత్రిమపు కన్నీటి సీసాను కొంగున ముడివేసికొన్నట్లు వెంట నుంచుకొని, దినమున పలుమారులు కంట వేసికొనుచుందురు.