డిశ్చార్జి కాగితంలో మరో ఊరు

ప్రశ్న: మా నాన్నగారు పోయి చాలా ఏళ్లయింది. ఈమధ్య ఇల్లు సర్దుతుంటే ఆయన ట్రంకుపెట్టె అడుగున ఒక పతకం, సైన్యం ఇచ్చిన డిశ్చార్జి కాగితం దొరికాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన బర్మా సరిహద్దుల్లో పనిచేశారని అప్పుడే తెలిసింది. అందులో స్వగ్రామం మా ఊరు కాదు. తండ్రి పేరు మేం తాతగారనుకున్న ఆయనది కాదు. భార్య అన్నచోట మా అమ్మ పేరు లేదు. అసలు సంగతి తెలుసుకునే హక్కు మాకుందా? మా ఇల్లూ పొలమూ ఏమవుతాయి?
– ఒక పాఠకురాలు, ఉత్తరాంధ్ర

జవాబు: మీరడిగినవి రెండు వేర్వేరు విషయాలు. నిజం తెలుసుకునే దారి చట్టంలో చాలా విశాలంగా ఉంది. ఆస్తి దారి ఇరుకు. రెండూ కలిపేస్తే రెండూ చెడతాయి. కాబట్టి ముందు నిజం సంగతి చూద్దాం.

పతకం అంచును భూతద్దంతో చూడండి. ఆ యుద్ధంలో భారతీయ సిపాయిలకిచ్చిన పతకాల మీద సర్వీసు నంబరు, పేరు చెక్కేవారు. ఆ నంబరే మీకు తాళంచెవి. ఆయన మద్రాసు రెజిమెంటు మనిషైతే రికార్డు కార్యాలయం నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో ఉంటుంది. మద్రాస్ సాపర్స్ అయితే బెంగళూరులో. ఏ దళమో తేలకపోయినా ఢిల్లీలోని సైనిక ప్రధాన కార్యాలయానికి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. రుసుము 10 రూపాయలు. తమ దగ్గర లేకపోతే ఉన్నచోటికి ఆ దరఖాస్తును పంపాల్సిన బాధ్యత వాళ్లదే.

ఎందుకడుగుతున్నారో చెప్పనక్కర్లేదు. సైన్యానికి ఈ చట్టం వర్తించదని ఎవరైనా అంటే నమ్మకండి. సెక్షన్ 24 మినహాయింపు జాబితాలో బీఎస్ఎఫ్, సీఆర్పీఎఫ్ లాంటి సంస్థలున్నాయి గానీ సైన్యం లేదు. ‘వ్యక్తిగత సమాచారం, ఇవ్వం’ అనే జవాబు రావచ్చు. అప్పుడు సెక్షన్ 8(3) చూపండి. 20 ఏళ్లు దాటిన విషయానికి ఆ అభ్యంతరం నిలవదు. దేశ భద్రత వంటి రెండు మూడు కారణాలే మిగులుతాయి. 30 రోజుల్లో జవాబు రాకపోతే మరో 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయండి.

అయితే పింఛను లేకుండా ఇంటికొచ్చిన సిపాయిల సర్వీసు పత్రాలను నిబంధనల ప్రకారం 25 ఏళ్ల తర్వాత ధ్వంసం చేసేస్తారు. యుద్ధం ముగియగానే లక్షలాది మందిని ఇంటికి పంపేశారు కనుక మీ నాన్నగారు కూడా ఆ కోవలోని వారే కావచ్చు. అందుకని ‘సర్వీసు పత్రాలు’ అని మాత్రమే రాయకుండా ‘లాంగ్ రోల్ నమోదు నకలు’ అని విడిగా అడగండి. పత్రాలు పోయినచోట కూడా చాలాసార్లు సిపాయిల పేర్లు నమోదు చేసిన ఆ రిజిస్టరు మిగిలి ఉంటుంది.

ఇక దొరికిన కాగితాన్ని లామినేషన్ చేయించకండి. 30 ఏళ్లు దాటిన పత్రం, ఉండాల్సిన చోటి నుంచి బయటికొస్తే, అందులోని సంతకం, రాత అసలైనవేనని కోర్టు భావించవచ్చు. భారతీయ సాక్ష్య అధినియంలో సెక్షన్ 92 అదే. మీ ఇంట్లో ఎనభై తొంభై ఏళ్ల పెద్దలెవరైనా ఉంటే వాళ్లకు తెలిసింది ఇప్పుడే రాయించి సంతకం తీసుకోండి. చుట్టరికం గురించి తెలిసిన మనిషి తర్వాత కన్నుమూసినా ఆ మాట సాక్ష్యంగా చెల్లుతుంది. కాకపోతే తగాదా పుట్టకముందు చెప్పినదై ఉండాలి. ఈ ఒక్క షరతు తెలియక బోలెడు కుటుంబాలు మంచి సాక్ష్యం పోగొట్టుకుంటాయి.

ఇప్పుడు ఆస్తి. తండ్రి పేరు తేడాకు దత్తత కారణం కావచ్చు. దత్తత వెళ్లిన కొడుక్కి పుట్టింటి ఆస్తిలో వారసత్వం తెగిపోతుంది. ఇల్లరికం వెళ్లినవాడి సంగతి వేరు. ఆ ఆచారం ఉన్న కులాల్లో అతనికి పుట్టింటి హక్కు పోదు. అలాగని ఆ పాత ఊరి పొలం మీద ఆశ పెట్టుకోకండి. ఎనభై ఏళ్ల కిందట వదిలేసిన భూమిని దాయాదులు తమదిగా పంచుకుని, పట్టాలు మార్చుకుని బహిరంగంగా అనుభవిస్తుంటే 12 ఏళ్ల కాలపరిమితి ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

కాగితంలోని పేరు మొదటి భార్యదైతే, మీరు భయపడాల్సింది, భయపడితే, ఆమె పిల్లల గురించి. మద్రాసు ప్రెసిడెన్సీలో 1949 దాకా హిందూ పురుషుడి రెండో పెళ్లి చట్టబద్ధమే. 1955 మే 18 తర్వాత, మొదటి భార్య బతికుండగా జరిగితే అది చెల్లదు. అప్పుడు మీ అమ్మగారి వాటాకు చిక్కొస్తుంది గానీ మీకు కాదు. హిందూ వివాహ చట్టం సెక్షన్ 16 మిమ్మల్ని సక్రమ సంతానంగానే చూస్తుంది. తండ్రి స్వార్జితంలోనూ, ఉమ్మడి ఆస్తిలో ఆయనకు రావాల్సిన వాటాలోనూ మీకు భాగం ఉందని 2023లో సుప్రీంకోర్టు రేవణసిద్దప్ప కేసులో తేల్చింది. వీలునామా రాయకుండా పోయి ఉంటే ఆయన స్వార్జితంలో మొదటి భార్య పిల్లలకూ మీతో సమాన భాగం వస్తుంది. వాళ్లు ఇన్నాళ్లూ అడగలేదన్న ఒక్క కారణంతో ఆ హక్కు పోదు.

డీఎన్‌ఏ పరీక్ష మాట కూడా చాలామంది ఎత్తుతారు. ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా పనిచేసిన ఎన్.డి.తివారీ పితృత్వ వివాదంలో ఢిల్లీ హైకోర్టు పట్టుబట్టి చేయించిన మాట నిజమే. కానీ అడిగిన ప్రతివాళ్లకీ కోర్టులు ఆ పరీక్షకు ఆదేశించవు. దంపతులు కలిసి ఉన్న కాలంలో పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డే అన్నది చట్టం పెట్టుకున్న గట్టి నమ్మకం. మీ సర్టిఫికెట్లలో తండ్రి వివరాలు మార్చాల్సిన పనీ లేదు.

ముందు దరఖాస్తు పెట్టండి. నకలు చేతికొచ్చాక ఆ ఊరు వెళ్లండి. అయితే చుట్టాల్లా వెళ్లండి, నోటీసు పట్టుకుని కాదు. అక్కడ ఎవరైనా హక్కు విడుదల పత్రమంటూ సంతకం అడిగితే మాత్రం వకీలుకు చూపించకుండా పెట్టకండి. మహిళలకు, ఆదాయ పరిమితికి లోబడిన పేదలకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఈ సలహా ఉచితం.