కంపెనీ పెడదామా?

1993లో నెల్లూరు జిల్లా ఆడవాళ్లు పొదుపులక్ష్మి సంఘాలు పెట్టారు. రోజుకు ఒక్క రూపాయి దాచారు. అప్పుడు మన తడ కూడా ఆ జిల్లాలోనే ఉండేది. 2022 నుంచి తిరుపతి జిల్లాలో ఉంది.

దాచిన డబ్బుతో కలిసి వ్యాపారం చేయవచ్చు. కంపెనీ కూడా పెట్టవచ్చు. దానికి 2013 కంపెనీల చట్టం ఉంది. ఇద్దరుంటే ప్రైవేటు కంపెనీ పెట్టవచ్చు. చేపలు, పాలు, పంట అమ్ముకునేవాళ్లు పదిమంది కలిస్తే ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టవచ్చు.

కంపెనీ అంటే ఏంది?

చట్టం దృష్టిలో కంపెనీ ఒక మనిషిలాంటిది. దానికి పేరు ఉంటుంది. ఆస్తి, అప్పు దాని పేరునే ఉంటాయి. నష్టం వస్తే మనం వాటాకు పెట్టిన సొమ్ము పోతుంది. మన ఇల్లు, మన నగలు పోవు.

అయితే ఒక మాట. కంపెనీ అప్పుకు మనం విడిగా హామీ సంతకం పెడితే, బ్యాంకు మనల్నే అడుగుతుంది.

ఏటా ఏం చేయాలి?

లెక్కలు రాయాలి. ఆడిటరుకు చూపాలి. గడువులోగా ప్రభుత్వానికి పంపాలి. వ్యాపారం జరగకపోయినా పంపాల్సిందే. ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయలు అదనంగా కట్టాలి. రోజుకు రూపాయి దాచిన చేత్తో రోజుకు వంద కట్టుకోవాలా?

“అక్కా, నువ్వే డైరెక్టరువి. ఇక్కడ సంతకం పెట్టు” అని ఎవరైనా అంటే తొందరపడొద్దు. డైరెక్టరుకు బాధ్యత ఉంటుంది. ముందు కాగితం చదవండి. అర్థం కాకుంటే అడగండి. ఆ తర్వాతే సంతకం.

చెప్పండి:
1. కంపెనీ అప్పు ఎవరి పేరున ఉంటుంది?
2. హామీ సంతకం పెడితే ఏమవుతుంది?