గంట మోగితే లేచి చూడండి

ఆసుపత్రిలో కొత్తగా చేరినవారికి మంచం, మరుగుదొడ్డి, మందుల వేళలు అన్నీ చూపిస్తాం. పైకప్పుకున్న తెల్లటి గుండ్రని బిళ్లను, వరండా గోడకున్న ఎర్ర పెట్టెను చూపించడం మాత్రం చాలాసార్లు మరచిపోతుంటాం. ఈ నెల పాఠం వాటి గురించే.

ఈ ఏర్పాటు ఎలా పనిచేస్తుంది?

పైకప్పు మీది బిళ్ల పొగను పసిగడుతుంది. వంటగదిలో పొగ మామూలే కాబట్టి అక్కడ వేడిని పసిగట్టే బిళ్ల పెడతారు. ఎర్ర పెట్టె మనుషుల కోసం. పొగ గాని మంట గాని ముందుగా చూసినవారు ఎవరైనా సరే దాన్ని నొక్కవచ్చు. వీటి తీగలన్నీ క్యాజువాలిటీ పక్కనున్న ప్యానెల్‌కు చేరతాయి. అక్కడ రాత్రింబగళ్లు ఒకరు ఉంటారు.

ప్యానెల్‌లో ఒక్కో వార్డుకు ఒక్కో నంబరు. ఎర్ర దీపం వెలిగితే ఆ చోట పొగ లేదా వేడి ఉందని అర్థం. పసుపు దీపం వెలిగితే తీగ తెగిందనో, బ్యాటరీ బలహీనపడిందనో అర్థం. పసుపు దీపాన్ని వారం రోజులు పట్టించుకోకపోతే, ఎర్ర దీపం వెలగాల్సిన రోజున అది వెలగకపోవచ్చు.

మేము నేర్చుకున్న పాఠం

కొన్నేళ్ల క్రితం వర్షాకాలంలో ఆడవాళ్ల సర్జికల్ వార్డు గంట వరుసగా మూడు రాత్రులు మోగింది. మొదటి రాత్రి ఎవరో మంచం కింద దోమల కాయిల్ వెలిగించారు. రెండో రాత్రి స్నానాల గదిలోంచి వచ్చిన వేడినీటి ఆవిరి. మూడో రాత్రి వెదికితే ఏమీ కనబడలేదు. "సిస్టర్ గారూ, ఆ గంట ఆపించండి, మా అమ్మకు కునుకు పట్టడం లేదు" అని బంధువులు గొడవపెట్టారు.

నాలుగో రాత్రి మళ్లీ మోగింది. వాచ్‌మన్ కూర్చున్న చోటినుంచే శబ్దం ఆపే మీట నొక్కాడు. మేమూ ఎవరినీ పంపలేదు. "కాయిలే అయ్యుంటుందిలే" అనుకున్నాం. పది నిమిషాల తర్వాత, మంచినీళ్ల కోసం లేచిన ఒక పెద్దావిడ వచ్చి, "అమ్మా, ఆ గదిలోంచి కాలిన వాసన వస్తోంది" అంది. డ్రెస్సింగ్ రూములో స్టెరిలైజర్ నీళ్లు ఇగిరిపోయి, తీగ కాలి, పక్కనున్న దూది చుట్టలు అంటుకున్నాయి. గోడకు అవతల 14 మంది రోగులు. వారిలో ఇద్దరికి ఆ రోజే ఆపరేషన్ అయింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ గంట తన పని తాను చేసింది, ఆ పది నిమిషాలు పోగొట్టింది మేము.

ఎందుకింత తొందర?

2011 డిసెంబర్ 9 తెల్లవారుజామున కోల్‌కతాలో ఒక పెద్ద ఆసుపత్రి బేస్‌మెంట్‌లో నిప్పు అంటుకుంది. పై అంతస్తులకు పొగ పాకింది. సుమారు 90 మంది చనిపోయారు. ఎక్కువమంది కాలి కాదు, పొగకు ఊపిరాడక పోయారు. ముందుగా పొగ చూసి పరుగెత్తుకొచ్చిన పక్క బస్తీవాళ్లను కాపలావాళ్లు లోపలికి రానివ్వలేదని అప్పటి పత్రికలు రాశాయి. కేరళకు చెందిన ఇద్దరు యువ నర్సులు తమ వార్డులోని 8 మందిని బయటకు చేర్చి తాము ప్రాణాలు విడిచారు.

పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగూ వాసనా లేవు. నిద్రలో ఉన్నవారు అది పీల్చి మేలుకోకుండానే స్పృహ తప్పుతారు. అందుకే వారిని లేపడానికి గంట కావాలి.

గంట మోగితే సిబ్బంది ఏం చేస్తారు?

1. ప్యానెల్ దగ్గరున్నవారు నంబరు చూసి, ఆ వార్డు సిస్టర్‌కు ఫోన్ చేస్తారు.

2. మంటలార్పే సిలిండర్‌తో ఇద్దరు వెళ్లి కళ్లారా చూస్తారు. అంతవరకు రీసెట్ చేయరు. రీసెట్ చేస్తే ఏ చోట దీపం వెలిగిందో తెలియకుండా పోతుంది.

3. పొగ నిజమైతే వెంటనే 101కి ఫోన్. దగ్గరలోని రోగులను ముందు తప్పించి, ఆ గది తలుపు మూసేస్తారు.

4. రోగులను మొదట అదే అంతస్తులో, తలుపుకు అవతలనున్న వార్డుకు చేరుస్తారు. అవసరమైతేనే మెట్ల మీదుగా కిందికి.

5. కారణం ఏదైనా పుస్తకంలో రాస్తారు. ఒకే చోట మూడుసార్లు మోగితే మెకానిక్‌ను పిలుస్తారు, గంటను మాత్రం ఆపేయరు.

మీరేం చేయాలి?

* లేచి కూర్చోండి. మీ రోగి దగ్గరే ఉండి, సిస్టర్ చెప్పినట్లు చేయండి.

* లిఫ్ట్ ఎక్కవద్దు. సామాన్ల కోసం వెనక్కి వెళ్లవద్దు.

* పొగ వస్తే వంగి నడవండి, నేల దగ్గర గాలి కాస్త మేలు. తడిగుడ్డ మసిని కొంత ఆపుతుంది గాని విషవాయువును ఆపదు. దాన్ని నమ్ముకుని ఆగిపోకండి.

* ఆక్సిజన్ మీటలు మీరు తిప్పవద్దు. ఎవరికి ఎంత అవసరమో చూసి సిస్టరే ఆపుతుంది.

* వార్డులో కాయిల్, అగరుబత్తి, బీడీ, కరెంటు స్టవ్ వద్దు. అనవసరంగా మోగిన ప్రతి గంట, నిజమైన గంట విలువను తగ్గిస్తుంది.

* మీకు కాలిన వాసన వస్తే గంట కోసం చూడకుండా చెప్పండి. తప్పయినా ఎవరూ కోప్పడరు. ఆ రాత్రి మమ్మల్ని కాపాడింది ఒక రోగి బంధువే.

గుర్తుంచుకోండి: ప్రతి శనివారం ఉదయం 11 గంటలకు, మైకులో చెప్పి మరీ గంట పరీక్షిస్తాం. చెప్పకుండా మోగిందంటే అది నిజమేననుకొని లేవండి. ఈసారి మా దగ్గరకు వచ్చినప్పుడు మీ మంచానికి దగ్గర్లో ఎర్ర పెట్టె, బయటికి వెళ్లే దారి ఎక్కడున్నాయో ఆయమ్మను అడగండి. చూపించడం మా బాధ్యత.