గేటు దగ్గరే మార్కులు పడతాయి

మీకు నాలుగెకరాల తోట ఉంది. జామ, సపోటా, కొన్ని మామిడి చెట్లు. రెండు ఆవులు, ఓ దూడ, మేకపిల్లలు, ఎడ్లబండి. ఆదివారం వస్తే సిటీ నుంచి కార్లు బారులు తీరతాయి. ఇంటిల్లిపాదీ పనిలో ఉంటారు. నాన్న గేటు దగ్గర, అమ్మ పొయ్యి దగ్గర, తమ్ముడు బండి మీద.

కష్టంలో ఏ లోటూ లేదు. అయినా వెళ్లేటప్పుడు కొందరి ముఖాలు ముడుచుకుని ఉంటాయి.

తోట మార్చక్కర్లేదు. అలవాట్లు మార్చాలి. మీరు మార్చుకోగలరు. "మాది పల్లెటూరి మాటతీరు, మాకివన్నీ రావు" అనే సాకును మాత్రం ఈ రోజే గట్టు అవతల పారేయండి. కస్టమర్ సర్వీస్ పుట్టుకతో వచ్చే గుణం కాదు. పాలు పితకడంలాంటిదే. చేస్తూ చేస్తూ చేయి తిరుగుతుంది.

గత చలికాలం మేం హైదరాబాద్ చుట్టుపక్కల ఒక తోటకి వెళ్లాం. పేరు అనవసరం. గేటు దగ్గర కుర్చీలో ఉన్నాయన ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే "ఎంతమంది?" అన్నారు. మా పాప ఆత్రంగా "మేకపిల్లలు ఎక్కడంకుల్?" అంది. "లోపలుంటాయి." అంతే! తర్వాత జొన్నరొట్టె, నాటుకోడి కూర అద్భుతం. ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఇంటికొచ్చాక మా ఆవిడ వాళ్ల చెల్లెలికి ఫోన్‌లో చెప్పింది గేటు సంగతే. కూర ఊసే రాలేదు.

కాబట్టి మొదటి అలవాటు ఇది. కారు ఆగగానే లేచి నిలబడండి. ముందు పిల్లల్ని పలకరించండి, తర్వాత పెద్దల్ని. టికెట్ మాట మూడోది. ఖర్చు? సున్నా.

ఇప్పుడో కుటుంబం కథ చెప్తాను. ఊరు మనది కాదు, పాఠం మాత్రం మనకే.

అమెరికాలో, కాలిఫోర్నియాలోని బ్యూనా పార్క్. 1920లో వాల్టర్ నాట్, కార్డీలియా దంపతులు అక్కడ కౌలు భూమిలో బెర్రీ పండ్లు పండించడం మొదలుపెట్టారు. రోడ్డు పక్కన చిన్న స్టాల్ పెట్టి అమ్మేవారు. 1934లో, ఆర్థిక మాంద్యం రోజుల్లో, కార్డీలియా ఎనిమిది మందికి చికెన్ డిన్నర్ వండి వడ్డించారు. ప్లేటు 65 సెంట్లు. వడ్డించింది ఎందులో అనుకున్నారు? తన పెళ్లినాటి పింగాణీ పళ్లేల్లో! మనం చుట్టాలొస్తే అటక మీంచి దించే సామాను ఉంటుంది చూడండి, అలాంటిది. డబ్బిచ్చి తినేవాళ్లని ఆవిడ చుట్టాల్లా చూశారు.

జనం విరగబడ్డారు. గంటల తరబడి క్యూలు. మనమైతే ఏం చేస్తాం? "తింటే తినండి, లేకపోతే లేదు, ఇంత రష్‌లో మేం మాత్రం ఏం చేయగలం?" అంటాం. వాల్టర్ అలా అనలేదు. క్యూలో నిలబడ్డవాళ్లకి విసుగు పుట్టకుండా 1940లో పాతకాలపు పశ్చిమ అమెరికా ఊరిని తలపించే 'గోస్ట్ టౌన్' కట్టడం మొదలుపెట్టాడు. అదే పెరిగి పెరిగి నాట్స్ బెర్రీ ఫామ్ అనే పెద్ద అమ్యూజ్‌మెంట్ పార్క్ అయింది. 1997 దాకా ఆ కుటుంబం చేతుల్లోనే ఉంది.

గమనించారా? ఆ వినోదమంతా పుట్టింది ఎక్కడ? కస్టమర్ విసుక్కునే చోట.

మీ తోటలో ఆ చోటు ఏది? కనుక్కోవడం సులువే. వచ్చే ఆదివారం ఒక గంట మీరే విజిటర్ అవ్వండి. పార్కింగ్ నుంచి నడవండి. ఎడ్లబండి కోసం నిలబడండి. భోజనానికి కూర్చోండి. ఎక్కడ మీకే చిరాకు పుట్టిందో అక్కడ ఏదో ఒకటి పెట్టండి. బండి దగ్గర ఎండగా ఉందా? తాటాకు పందిరి, మంచినీళ్ల కుండ. భోజనం ఆలస్యమా? పిల్లల చేత వేరుశనక్కాయలు ఒలిపించండి, విసుర్రాయి తిప్పించండి. పెద్దవాళ్లకి రెండు నులకమంచాలు వేయండి చాలు, వాళ్లే కబుర్లలో పడతారు.

రెండో అలవాటు: నిజం ముందే చెప్పండి.

ఎద్దుకి ఒంట్లో బాగాలేదు. ఇవాళ బండి లేదు. ఈ సంగతి టికెట్ తీసుకున్నాక తెలిస్తే మోసం. బయల్దేరక ముందే వాట్సాప్‌లో తెలిస్తే సమాచారం. విషయం ఒకటే, టైమింగ్ వేరు. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన మీ చుట్టాల్ని అడిగి చూడండి. శరదృతువులో ఆపిల్ తోటలకి తీసుకెళ్తారు. ఏ రకాలు కోతకొచ్చాయో చాలా తోటలు ముందే చెప్పేస్తాయి. మన లంబసింగి స్ట్రాబెర్రీ తోటలకైనా ఇదే సూత్రం. ఫోటోలో గంపెడు పండ్లు చూపించి, తీరా వస్తే పచ్చికాయలు చూపిస్తే ఎవరికి మండదు?

ఇక అసలైన పరీక్ష. కంప్లైంట్.

"ఏమండీ, ఇంత తీసుకుని ఇదేనా పెట్టేది?" ఈ మాట వినగానే ఒళ్లు మండుతుంది. సహజం. తెల్లవారుజామున లేచి చేసిన కష్టం కదా! కానీ ఆ పది సెకన్లే మీ వ్యక్తిత్వం. ఆ పది సెకన్లకి ఒక డ్రిల్ ఇస్తున్నాను. అద్దం ముందు ప్రాక్టీస్ చేయండి. సిగ్గుపడకండి.

• నోరు మూసుకుని పూర్తిగా వినండి. "అది కాదండీ" అనే మాటని డిక్షనరీలోంచి తీసేయండి.
• వాళ్ల మాటే తిరిగి చెప్పండి. "పప్పు చల్లారిపోయి వచ్చింది, అంతేగా అమ్మా?" సగం కోపం అక్కడే దిగుతుంది.
• "లేదు" దగ్గర ఆగకండి. "లేదు, కానీ వేడి వేడి రసం తెస్తాను" అనండి.
• చెప్పింది చేసి, పది నిమిషాల తర్వాత వెళ్లి ఒకసారి అడగండి. చాలామంది వదిలేసేది ఈ మెట్టే.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మన పెద్దలు ఊరికే అనలేదు. ఈ రోజుల్లో ఆ ఊరి పేరు గూగుల్ రివ్యూ.

కుటుంబం నడిపే తోటల్లో ఇంకో జబ్బు ఉంది. ఎవరూ పైకి చెప్పరు. అతిథుల ముందే అన్న తమ్ముణ్ని కసురుతాడు. అత్త కోడల్ని "ఇంకా కాలేదా?" అంటుంది. పనికొచ్చిన కుర్రాడి మీద అందరూ అరుస్తారు. తినేవాళ్ల గొంతులో ముద్ద దిగదు. మీకది రోజూ ఉండే గోలే. వాళ్లకి మాత్రం పిక్నిక్ పాడైపోయినట్టే. ఒక రూల్ పెట్టుకోండి. గేటు తెరిచిన దగ్గర్నుంచి మూసేదాకా కసుర్లు బంద్. లెక్కలన్నీ రాత్రి భోజనాల దగ్గర. అక్కడ కూడా ఇవాళ ఎవరు ఏం బాగా చేశారో ముందు, తప్పులు తర్వాత.

మర్యాద అంటే వంగిపోవడం కూడా కాదు. కస్టమర్ దేవుడంటారు. దేవుడైనా సరే, దూడ తోక లాగితే ఆపాల్సిందే! నవ్వుతూ, గట్టిగా చెప్పండి. "బాబూ, దానికి నొప్పి. ఇదిగో, ఈ గడ్డి పెట్టు, నీ దగ్గరికే వస్తుంది." ఒక పని వద్దన్నారు, బదులుగా ఇంకో పని ఇచ్చారు. ఏ పిల్లాడూ కాదనడు. తల్లిదండ్రులైతే థాంక్స్ చెప్తారు.

శుభ్రత గురించి లెక్చర్ ఇవ్వను. టాయిలెట్ బాగుండాలని మీకూ తెలుసు. ఒక్కటి మాత్రం వినండి. పశువుల్ని, మేకల్ని తాకిన చేతులతో పిల్లలు తింటే జబ్బుచేసే సూక్ష్మజీవులు కడుపులోకి పోతాయి. శానిటైజర్ సీసా ఒక్కటే పెట్టి ఊరుకోవద్దు. సబ్బు, పారే నీళ్లు కావాలి. కుళాయి కొట్టం నుంచి బయటికొచ్చే దారిలోనే ఉండాలి, మూడేళ్ల పిల్లాడికి అందేంత ఎత్తులో.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ఈ ఆదివారం గేటు. వచ్చే ఆదివారం క్యూ. ఆ పై వారం కంప్లైంట్ డ్రిల్. నాన్నగారు "ఈ వయసులో నాకు ఇవన్నీ ఎందుకురా?" అంటారు. అననివ్వండి. కారు ఆగగానే ముందు మీరు లేవండి. రెండు మూడు వారాల్లో ఆయనే మీకంటే ముందు లేచి, "మేకపిల్లల్ని చూస్తావా నాన్నా, రా!" అని ఏ పిల్లాడి చెయ్యో పట్టుకుని కొట్టం వైపు నడుస్తుంటారు. అప్పుడు టికెట్ పుస్తకం మీరు పట్టుకోండి.