పిలుపు ఒకటే, పని మారొచ్చు

నెల్లూరు తీరంలో డిగ్రీ ముగించిన పిల్లలకు దారులు తక్కువేం లేవు. కృష్ణపట్నం పోర్టు, రొయ్యల చెరువులు, హేచరీలు, మేత కంపెనీలు, తడ దగ్గర శ్రీసిటీ, శ్రీహరికోట ఉన్నాయి. ఇవి కాక గ్రూప్స్, బ్యాంకు పరీక్షల కోచింగు ఎలాగూ ఉంది. బైబిలు చదివే ఇళ్లలో మాత్రం ఎంపికకు ఇంకో ముడి పడుతుంది. దేవుడు దేనికి పిలిచాడో తేలకుండా దరఖాస్తు పెట్టొచ్చా అని పిల్లలు తటపటాయిస్తారు. పిలుపంటే ఫలానా ఉద్యోగం అనుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ఎవరికి ఏ రకంగా పనికిరావాలన్నది పిలుపు. ఉద్యోగం దానికి పనిముట్టు. పనిముట్టు మార్చినంత మాత్రాన మాట తప్పినట్టు కాదు.

పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్లల ఇంట్లో ఉండి గుడారాలు కుట్టాడని అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయం చెబుతుంది. సువార్త చెప్పడానికి ఆ కూలిపని అడ్డం రాలేదు సరికదా, ఒకరి మీద ఆధారపడే అవసరం తప్పించింది. నిర్గమకాండంలో బెసలేలుకు దేవుని ఆత్మ దొరికింది లోహం, రాయి, చెక్క పని కోసం. చేతిపనికి అంత గౌరవమిచ్చిన పుస్తకాన్ని చదువుతూ పాస్టరు పనే పిలుపు, తక్కినవన్నీ పొట్టకూటి పనులు అనుకోవడం వింతే. పేతురు వలలు వదిలేశాడు కదా అని ఎవరైనా అడగొచ్చు. నిజమే, వదిలేశాడు. కానీ అదే కొత్త నిబంధనలో పౌలు కొరింథీయులకు రాస్తూ, పిలుపు వచ్చినప్పుడు ఏ స్థితిలో ఉన్నారో అందులోనే ఉండమంటాడు. పని వదలమనిగానీ, పట్టుకు వేలాడమనిగానీ అందరికీ వర్తించే సూత్రం అక్కడ లేదు.

దీనికి మన తీరంలోనే గట్టి సాక్ష్యం ఉంది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరు చేరాడు. ఏళ్లు గడిచినా సంఘంలో చేరినవాళ్లు కొద్దిమందే. ఈ మిషన్ మూసేద్దామన్న ఆలోచన అమెరికాలో ఒకటికి రెండుసార్లు వచ్చింది. డే తర్వాత వచ్చిన లైమన్ జూయెట్ మాత్రం ససేమిరా అన్నాడు. 1865లో ఆయన వెంట వచ్చిన జాన్ క్లౌ మరుసటి ఏడాది ఒంగోలుకు మకాం మార్చాడు. ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలోదే. ఒంగోలువాళ్లు చెప్పుకునే క్లౌ దొర ఈయనే. కుర్రతనంలో అమెరికాలో సర్వే పని చేసినవాడు, లాయరు కావాలనుకున్నవాడు. 1876-78 ధాత కరువులో ఆ పాత సర్వే విద్యే అక్కరకొచ్చింది. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. బోధకులే మేస్త్రీలయ్యారు. నాకు ఇంతకంటే విలువైనదిగా తోచేది మరొకటి. తిండి కోసం మతంలో చేరుతున్నారన్న మాట రాకూడదని ఆయన ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశాడు. మళ్లీ మొదలుపెట్టాక 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అంత జాగ్రత్తపడినా ‘కరువు క్రైస్తవులు’ అన్న అనుమానం పూర్తిగా పోలేదు, అది వేరే చర్చ. కెరీర్ ఎంచుకునేవాళ్లు చూడాల్సింది ఆయన కలపకుండా ఉంచిన రెండింటిని: కూలి ఇచ్చే పని ఒకటి, పిలుపు మరొకటి.

మిషనరీలకు వెనక సంస్థ ఉంది, అప్పులున్న ఇంటి పిల్లలకు ఏముంది అనే అభ్యంతరం న్యాయమైనదే. అందుకే పౌలు గుడారాలను ముందుగా చెప్పాల్సి వచ్చింది. జీతం కోసం రొయ్యల ప్లాంటులో చేరి, సాయంత్రాలు పిల్లలకు లెక్కలు చెప్పే యువకుడు టీచరు కావాలన్న కోరికకు ద్రోహం చేసినట్టు కాదు. డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చేదాకా చేయి తిరుగుతూనే ఉంటుంది. పట్టుదలకూ మొండితనానికీ తేడా ఏమిటన్నది ఇంకో ప్రశ్న. నెల్లూరు మిషన్ తెలుగువాళ్లను వదల్లేదు గానీ ఒంగోలు లాంటి కొత్త ఊరికీ వెళ్లింది, పద్ధతి మార్చింది. గ్రూప్స్ మీదే ఏళ్లు ఖర్చుపెట్టేవాళ్లు ఈ తేడా గమనించాలి. ప్రజలకు పనికిరావడమే కోరికైతే సచివాలయం కొలువూ, పంచాయతీ కార్యదర్శి కొలువూ ఆ దారిలోవే. ఆఫీసరు కుర్చీ తప్ప ఇంకేదీ వద్దనిపిస్తే, ఆ కోరికకు పిలుపు అని పేరు పెట్టకపోవడమే నిజాయితీ.

ఎంబీబీఎస్ సీటు చేజారిన బైపీసీ విద్యార్థిని సంగతే తీసుకోండి. రోగిని దగ్గరుండి చూసుకోవాలన్నదే ఆమె కోరికైతే నర్సింగు, ఫిజియోథెరపీ ఉన్నాయి. జబ్బు ఎలా పుట్టి ఎలా పాకుతుందన్న కుతూహలమే ఎక్కువైతే ముత్తుకూరు మత్స్య కళాశాల చదువు ఆమెకు రెండో రకం చదువేం కాదు. తెల్లమచ్చ వ్యాధికి రొయ్యల చెరువులు ఖాళీ అయ్యే ఈ తీరంలో ఆ విద్యకు రైతులు ఎదురుచూస్తారు. ఇంటి ముందు డాక్టరు బోర్డు చూసుకోవాలన్న ముచ్చటే ఉంటే లాంగ్ టర్మ్ కోచింగులో ఇంకో ఏడాది పెట్టే ముందు ఆ ముచ్చట తనదో, ఇంట్లోవాళ్లదో అడిగి తెలుసుకోవాలి. వెబ్ ఆప్షన్లు పెట్టకముందే ఈ మూడింట్లో ఏదో తేలితే కాలేజీల వరుస దానంతటదే మారిపోతుంది.