మదర్‌బోర్డు మారితే పాత బ్యాకప్ పనికొస్తుందా?

వోల్టేజీ ఎక్కువతక్కువలకు కంప్యూటర్ మదర్‌బోర్డు కాలిపోవడం మన వైపు కొత్త సంగతి కాదు. తిరుపతిలోనో చిత్తూరులోనో షాపుకు తీసుకెళితే చాలాసార్లు అదే మోడల్ బోర్డు దొరకదు, వేరేది వేసి ఇస్తారు. "బ్యాకప్ ఉంది కదన్నా, ఎక్కిస్తే సరిపోదా?" అని హాస్టల్ తమ్ముళ్ళు మమ్మల్ని అడుగుతుంటారు. సరిపోవచ్చు, సరిపోకపోవచ్చు. మనలో చాలామందికి ఇంటి దగ్గర రెండో కంప్యూటర్ ఉండదు. ప్రాజెక్టు రిపోర్టు ఇవ్వాల్సిన వారంలో ఇలా జరిగితే కాళ్ళూ చేతులూ ఆడవు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

బ్యాకప్ రెండు రకాలు. మన ఫైళ్ళను మాత్రమే పెన్‌డ్రైవ్‌లోకో వేరే హార్డ్‌డిస్కులోకో కాపీ చేసుకోవడం ఒకటి. విండోస్, సాఫ్ట్‌వేర్లు, సెట్టింగులతో సహా డిస్కు మొత్తానికి నకలు తీసుకోవడం రెండోది. దీన్నే సిస్టమ్ ఇమేజ్ అంటారు. మొదటి రకం ఏ కంప్యూటర్‌లో పెట్టినా తెరుచుకుంటుంది. చిక్కంతా రెండోదానితోనే.

బోరు ఎండిపోయి కొత్తది వేయించినప్పుడు పాత మోటారునే దించుదామంటే, ముందు కేసింగ్ వెడల్పు, లోతు చూసుకోవాలి కదా. ఇదీ అంతే. విండోస్ లేవాలంటే మొట్టమొదట హార్డ్‌డిస్కును చదవగలగాలి. ఆ డిస్కును నడిపే కంట్రోలర్ బోర్డు మీద ఉంటుంది. ఇమేజ్‌లో ఉన్న డ్రైవర్ పాత కంట్రోలర్‌కు తగినదైతే, కొత్త బోర్డు మీద విండోస్‌కు తన డిస్కే కనిపించదు. అప్పుడు "ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్" అంటూ నీలి తెర వస్తుంది. పాత విండోస్‌లలో అదే 7బి ఎర్రర్. 2001లో వచ్చిన ఎక్స్‌పీలో ఈ బాధ ఎక్కువగా ఉండేది. విండోస్ 10, 11 మాత్రం కొత్త భాగాలను చాలావరకు తామే గుర్తుపడతాయి.

ఇక్కడ ఒక మాట. కాలింది బోర్డే అయి, డిస్కు బాగుంటే ఇమేజ్ ఎక్కించే పనే లేదు. ఆ డిస్కునే కొత్త బోర్డుకు తగిలించి చూడాలి. లేవకపోతే తొందరపడి ఇమేజ్ ఎక్కించకూడదు. ఎక్కిస్తే డిస్కులో ఇప్పుడున్నదంతా చెరిగిపోతుంది, బ్యాకప్ తీసిన తరువాత చేసిన పని కూడా పోతుంది. ముందు ఆ డిస్కును ఇంకో కంప్యూటర్‌కు తగిలించి మన ఫైళ్ళు బయటికి తీసుకోవాలి.

తరువాత బయాస్‌లోకి వెళ్ళి సాటా మోడ్ చూడాలి. పాత బోర్డులో ఐడీఈ అని ఉండి కొత్తదానిలో ఏహెచ్‌సీఐ అని ఉంటే, పాత పద్ధతికే మార్చి చూస్తే చాలాసార్లు పని అయిపోతుంది. ఎంబీఆర్ పద్ధతి డిస్కు నుంచి తీసిన ఇమేజ్‌కు లెగసీ బూట్, జీపీటీదానికి యూఈఎఫ్ఐ బూట్ పెట్టాలి. ఒక్కోసారి సేఫ్‌మోడ్‌లో ఒకసారి లేచాక మామూలుగా లేస్తుంది. ఏదీ కుదరకపోతే అక్రోనిస్‌లో యూనివర్సల్ రీస్టోర్, మాక్రియంలో రీడిప్లాయ్ అనే సౌకర్యాలున్నాయి. ఇవి కొత్త బోర్డు డ్రైవర్లను ఇమేజ్‌కు జతచేస్తాయి. కొత్త బోర్డు లాన్ డ్రైవర్‌ను ముందే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. నెట్ లేకుండా నెట్ డ్రైవర్ దింపుకోలేం కదా!

ఫైళ్ళు తిరిగొచ్చినంత మాత్రాన అంతా వచ్చినట్టు కాదు. తిరుమల సంకీర్తన భాండారంలోని అన్నమయ్య రాగిరేకులనే చూడండి. సాహిత్యం, రాగం పేరు భద్రంగా దొరికాయి. పాడే వరస మాత్రం దొరకలేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారి వంటివారు 20వ శతాబ్దంలో కొత్తగా స్వరపరచవలసి వచ్చింది. మన దగ్గర ఆ పాత్ర ఫాంట్లది. ఇలాంటి సంచికల పేజీలు ఎన్నో అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కూర్చినవే. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. ఫైళ్ళతో పాటు ఫాంట్లనూ దాచాలి. యూనికోడ్‌లో టైపు చేసినదానికి ఈ బెంగ లేదు, గౌతమి వంటి ఏ యూనికోడ్ తెలుగు ఫాంటున్నా చదువుకోవచ్చు.

ఇక లైసెన్సు. బోర్డు మారితే మైక్రోసాఫ్ట్ లెక్కలో అది కొత్త కంప్యూటరే. కంప్యూటర్‌తో పాటు వచ్చిన ఓఈఎం విండోస్ పాత బోర్డుకే చెందుతుంది. విడిగా కొన్న రిటైల్ విండోస్‌ను కొత్తదానికి మార్చుకోవచ్చు. 2016 నుంచి విండోస్ 10 లైసెన్సును మైక్రోసాఫ్ట్ అకౌంటుకు జతచేసుకునే వీలు వచ్చింది. ఆ పని బోర్డు మార్చకముందే చేసి ఉంచుకోవాలి. బిట్‌లాకర్ ఉన్న ల్యాప్‌టాప్ అయితే బోర్డు మారగానే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే డిస్కు బాగున్నా లోపలి ఫైళ్ళు తెరుచుకోవు. ఆ కీని అదే ల్యాప్‌టాప్‌లో దాచుకుంటే లాభం లేదు. కాగితం మీద రాసి, సర్టిఫికెట్ల ఫైలులో సర్టిఫికెట్లతో పాటే పెట్టుకోండి.